శరీర వాంగ్మూలం

మా శిక్షణ సంస్థలో మధ్యాహ్నం పన్నెండున్నరకి గంట కొట్టేవారు. గంట కొడితే అందరూ వెళ్ళి తినేవారు. ఇది పొరపాటని ముప్పై ఏళ్ళ పాటు ఎవరికీ తెలియలేదు. వేదాద్రి గారు డైరెక్టరుగా వచ్చిన మూడో ఏట తెలిసింది.

వేదాద్రి గారు మంచివారు. ఈ మాట ఇప్పుడే చెప్పేయాలి, తర్వాత సందర్భం దొరకదు. ఆయనకి ఏడాదికొక సత్యం తెలుస్తూ ఉంటుంది. మొదటి ఏడు మంచినీళ్ళు కూర్చునే తాగాలని తెలిసింది. ఫిల్టరు దగ్గర రెండు బెంచీలు వేయించాం. రెండో ఏడు ఫైళ్ళు తూర్పు ముఖంగా పెట్టాలని తెలిసింది. బీరువాలన్నీ తిప్పాం, తలుపులు గోడకి తగిలి తెరుచుకోవడం మానేశాయి. మూడో ఏడు ఆయన ఏదో కొండ మీద పదిరోజుల శిబిరానికి వెళ్ళి, నాలుగు కిలోలు తగ్గి, కళ్ళలో వెలుగుతో తిరిగొచ్చారు. ఆ వెలుగు చూడగానే నేను తెల్లకాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టుకున్నాను.

నా పేరు కూర్మారావు. మెస్ విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. ఆయనకి సత్యం తెలిస్తే దానికి ఫారం తయారుచేసేది నేనే.

మర్నాడు సిబ్బంది సమావేశంలో వేదాద్రి గారు లేచి నిలబడి, కడుపు మీద చెయ్యి వేసుకుని, చాలాసేపు మాట్లాడలేదు. ఆయనకి ఒంట్లో బాగోలేదేమోనని అటెండరు నీళ్ళు తెచ్చాడు.

"మిత్రులారా," అన్నారు చివరికి. "ఏం తినాలో ఎవరు నిర్ణయించాలి? మెనూయా? గోడ మీది గడియారమా? మన శరీరం ప్రతిపూటా మనకొక నివేదిక సమర్పిస్తూనే ఉంది. సదరు నివేదికపై ఇంతవరకూ ఎట్టి చర్యా తీసుకోబడలేదు. ఇక మీదట ఈ సంస్థలో ప్రతి ఒక్కరూ తమ శరీరం చెప్పింది విని, శరీరం కోరిందే, కోరినంతే తినవలసి ఉంటుంది."

అందరం చప్పట్లు కొట్టాం. గంట తీసేసి స్టోరు గదిలో పెట్టాం. మెనూ బోర్డు తుడిచేశాం.

ఫారం పేరు 'శరీర వాంగ్మూలం'. నంబరు ఏడు, ఎందుకంటే అప్పటికి మెస్‌లో ఆరు ఫారాలున్నాయి. పద్ధతి చాలా సులువు. శిక్షణకి వచ్చిన ఉద్యోగి కుర్చీలో కూర్చుని, కుడి అరచెయ్యి పొట్ట మీద ఆనించి, మూడు నిమిషాలు కళ్ళు మూసుకోవాలి. తర్వాత శ్రవణ సహాయకుడు, అంటే నేను, "మీ శరీరం ఏమంటోంది?" అని అడగాలి. చెప్పిన మాటని అక్కడికక్కడే ఫారంలో ఎక్కించి సంతకం తీసుకోవాలి. ఏ అవయవం కోరింది, ఏం కోరింది, ఎంత కోరింది అని మూడు గడులు.

నాలుగో నిబంధన వేదాద్రి గారు తన చేత్తోనే రాశారు. 'మొదటి మాటే నమోదు చేయవలెను. శరీరం అబద్ధమాడదు. ఆలోచించి మాట మార్చేది మనసు. కావున రెండవసారి అడుగుట నిషిద్ధము.'

నేను ఒక చిన్న ఇబ్బంది ఆయన దృష్టికి తీసుకెళ్ళాను. రేపటి కూరగాయల ఇండెంటు ఈరోజు సాయంత్రం నాలుగింటిలోగా పంపాలి. శరీరం భోజనాల వేళకి నోరు విప్పితే అప్పటికప్పుడు బీరకాయలు ఎక్కడినుంచి వస్తాయి? ఆయన ఒక పూటంతా గది తలుపు వేసుకుని ఆలోచించారు. సాయంత్రానికి సవరణ ఉత్తర్వు వచ్చింది. 'ముందస్తు శ్రవణం.' రేపటి రెండు పూటల ఆకలిని ఈరోజు మధ్యాహ్నం మూడింటికే వినాలి. అతిథులకి మాత్రం తక్షణ శ్రవణం వర్తిస్తుంది.

మొదటి వారం శరీరాలు అణకువగానే ఉన్నాయి. పప్పన్నాయి, చారన్నాయి. రెండో వారానికి వాటికి ధైర్యం వచ్చింది. ఒక ఇంజనీరుగారి శరీరం వరసగా మూడు రోజులు నాటుకోడి పులుసు కోరింది. అది శరీరం గొంతేనా, ఇంజనీరుగారి గొంతా అని తేల్చడానికి ఉపసంఘం వేశారు. ఉపసంఘం ఆయన పొట్టకి చెవి ఆనించి విని, 'గుడగుడ వినబడినది, అయితే అది ఏ వంటకమును ఉద్దేశించినదో నిర్ధారించలేకపోయాము' అని రాసింది. ఇంకొకరి నాలుక పులిహోర అంటే కడుపు మజ్జిగన్నం అంది. ఇది అవయవాల మధ్య పరిధి వివాదం కింద వస్తుందని, తుది నిర్ణయం తీసుకునే అధికారం కడుపుకే దఖలుపరుస్తూ ఇంకో ఉత్తర్వు ఇచ్చారు.

ఇదంతా వంటింట్లో వరహాలమ్మకి అర్థం కాలేదు.

వరహాలమ్మ మా మెస్‌లో పంతొమ్మిదేళ్ళుగా వండి వడ్డిస్తోంది. కాంట్రాక్టు మనిషి. ఏటేటా కాగితం పొడిగిస్తేనే ఉద్యోగం ఉన్నట్టు. మొగుడు లేడు, కాలు సరిగ్గా రాని కూతురు ఇంటి దగ్గర ఉంది, ఆ కాగితమే వాళ్ళిద్దరికీ ఆధారం. ఆవిడ ఎవరినీ ఏం కావాలని అడగదు. గరిటె పట్టుకుని వరసలో నడుస్తూ పెట్టేస్తుంది. వద్దంటే ఇంకాస్త పెడుతుంది. "తినండి బాబూ, ఏటి తిన్నారని!" అంటుంది. అలా కొసరి కొసరి వడ్డించడం తొమ్మిదో నిబంధన కింద 'శరీర స్వేచ్ఛకు భంగం' అయింది. ఫారంలో లేనిది వడ్డిస్తే మెమో. మూడు మెమోలైతే తొలగింపు.

నెల తిరక్కుండా రెండు మెమోలు అయ్యాయి. ఒకటి గోంగూర పచ్చడికి, ఒకటి గడ్డపెరుగుకి. రెండోది ఇవ్వడానికి వంటింట్లోకి నేనే వెళ్ళాను.

"ఆయన వద్దన్నాడు కదా వరహాలమ్మా, మళ్ళీ ఎందుకు వేశావ్?"

"ఏ వద్దు బాబూ?" అంది ఆవిడ, పొయ్యి మీంచి చూపు తిప్పకుండా.

"ఏ వద్దేమిటి? వద్దంటే వద్దే."

"అదేటి బాబూ అలాగంటారు? సదువుకున్నోరు మీరు." ఆవిడ చెయ్యి కడుక్కుని, కంచం మీద బోర్లా పెట్టి చూపించింది. "ఇలాగ ఏళ్ళు దగ్గరగా పెట్టి మూసినారనుకోండి, అది నిజం వద్దు. ఎనక్కి ఎలిపోవాల. ఏళ్ళు ఇలాగ ఎడంగా పెట్టి వద్దొద్దు అన్నారనుకోండి, ఆ సందుల్లోంచి ఎయ్యమని. నోటితో అడగడానికి మొగమాటం బాబూ, మనోళ్ళకి."

నేను ఈ సంగతి వేదాద్రి గారికి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. "వేళ్ళ మధ్య దూరం ఎన్ని సెంటీమీటర్లు ఉండాలో ఏదైనా ప్రమాణం ఉందా?" అని అడిగారు. లేదన్నాను. "అయితే అది వాంగ్మూలం కాదు, ఊహ," అని కొట్టిపారేశారు.

ఇలా ఉండగా కొత్త బృందం దిగింది. అందులో యజ్ఞనారాయణ గారొకరు. మారుమూల ట్రెజరీలో రికార్డు అసిస్టెంటు. యాభయ్యారేళ్ళు. ఈ నలభై రోజుల శిక్షణ పాసైతేనే రిటైరయ్యే లోపు ఒక్క ప్రమోషను. సన్నగా, పొడుగ్గా, ఎవరికైనా దారి ఇవ్వడానికి ఎప్పుడూ పక్కకి ఒదిగినట్టు ఉండేవారు. మొహమాటం మనిషి రూపం దాలిస్తే ఆయనే. బస్సులో తన సీట్లో వేరేవాళ్ళు కూర్చుంటే నిలబడి వచ్చానని నవ్వుతూ చెప్పారు.

మొదటిరోజు మూడింటికి ఆయన కళ్ళు మూసుకున్నారు. మూడు నిమిషాలయ్యాయి.

"మీ శరీరం ఏమంటోందండీ?" అన్నాను.

ఆయన చటుక్కున కళ్ళు తెరిచి, నా ముందు అంత పెద్ద రిజిస్టరు చూసి, వెనకాల క్యూ చూసి కంగారుపడ్డారు. "అబ్బే, ఏమీ వద్దంటోందండి," అన్నారు.

తెలుగువాడు ఎవడైనా మొదట ఇదే మాట అంటాడు. మా ఇంటికొచ్చిన వియ్యంకుడూ అన్నాడు, నేనూ వాళ్ళింట్లో అన్నాను. అవతలివాళ్ళు మళ్ళీ అడుగుతారు కాబట్టే అనేది. నాకది తెలుసు. తెలిసే 'ఏమియు లేదు' అని రాసి సంతకం తీసుకున్నాను. నిబంధన నాలుగు.

మర్నాడు ఆయన కంచం ముందు కూర్చున్నారు, హాజరు వేస్తారు కాబట్టి. వాంగ్మూలంలో ఏమీ లేనివాళ్ళకి ఒక గ్లాసు మజ్జిగ ఇస్తాం. ఆయన దాన్ని అరగంట తాగారు. ఆ మధ్యాహ్నం మూడింటికి ఈసారైనా అడుగుతారని చూశాను. గొంతు సవరించుకున్నారు. సరిగ్గా అప్పుడే వేదాద్రి గారు అటు వచ్చి, "ఈయనేనా నిన్న ఏమీ కోరనిది? అద్భుతం!" అని భుజం తట్టారు. యజ్ఞనారాయణ గారు గొంతులో ఉన్నది మింగేసి, "ఏమీ వద్దంటోందండి," అన్నారు.

నాలుగో రోజుకి ఆయన మా సంస్థకి గర్వకారణం అయ్యారు. "మిగిలిన శరీరాలు వాగుతున్నాయి. ఈయన శరీరం మౌనాన్ని సాధించింది," అని వేదాద్రి గారు ప్రార్థన సమావేశంలో ప్రకటించి, 'ఉత్తమ శ్రోత' అని రాసున్న బ్యాడ్జీ స్వయంగా ఆయన చొక్కాకి గుచ్చారు. చొక్కా అప్పటికే వదులైంది. శిక్షణలో అందరికంటే ఎక్కువ మార్కులు కూడా ఆయనకే పడుతున్నాయి. ఇక నోరు విప్పి ఆకలని ఎలా అంటారు? అంటే నాలుగు రోజులుగా ఇచ్చిన వాంగ్మూలాలన్నీ అబద్ధాలవుతాయి. తప్పుడు వాంగ్మూలం ఇస్తే శిక్షణ రద్దు, దాంతో పాటే ప్రమోషనూ.

మరి ఆయన ఎలా బతికారంటారా? పొద్దున ప్రార్థన తర్వాత అరటిపండు ప్రసాదం కింద ఇస్తారు కాబట్టి శరీరాన్ని అడగక్కర్లేదు. టీ విరామంలో రెండు బిస్కెట్లు శిక్షణ విభాగానివి, వాటికి మెస్ నిబంధనలు వర్తించవు. బయటి తిండి లోపలికి తెస్తే శరీరం మాట తారుమారవుతుందని గేటు దగ్గర సంచులు వెతికేవారు. ఫిల్టరు దగ్గరి బెంచీ మీద కూర్చుని ఆయన గ్లాసు తర్వాత గ్లాసు నీళ్ళు తాగడం నేను కిటికీలోంచి రోజూ చూసేవాణ్ణి. చూసి ఫైల్లో తల దూర్చేవాణ్ణి. నా డబ్బాలో మా ఆవిడ పెట్టిన వంకాయ కూర ఉండేది. సిబ్బందికి ఫారం లేదు.

పదో రోజు అన్నం, ముద్దపప్పు, ఉల్లిపాయ పులుసు, వడియాలు. వరహాలమ్మ వరసలో వస్తోంది. యజ్ఞనారాయణ గారి ఖాళీ కంచం దగ్గర రోజూ ఆగకుండా దాటిపోయేది. మూడో మెమో అంటే ఏమిటో ఆవిడకి తెలుసు. ఆ రోజు ఎందుకో ఆగింది. గరిటెతో అన్నం తీసింది.

"వద్దు వద్దమ్మా," అని ఆయన కంచం మీద చెయ్యి అడ్డం పెట్టారు.

ఐదు వేళ్ళూ ఐదు దిక్కులకి ఉన్నాయి.

వరహాలమ్మ ఆ చెయ్యి పక్కకి తీసి, అన్నం పెట్టింది. పప్పు వేసింది. మోచేతి దాకా కారేంత నెయ్యి వేసింది. "తిను నాయనా," అంది. ఆయన తలెత్తకుండా తిన్నారు. రెండోసారి పెట్టింది. మూడోసారి పెట్టింది. వడ్డనని ఫారాలతో సరిచూడ్డానికి వేసిన శ్రవణ పర్యవేక్షకుడు జేబులోంచి పెన్ను తీశాడు.

మూడో మెమో కాబట్టి విచారణ జరగాలి. ప్రధాన కార్యాలయం నుంచి జాయింట్ డైరెక్టరు హైమవతి గారు వచ్చారు. నాలుగు గంటల కారు ప్రయాణం. దిగగానే నేను పద్ధతి ప్రకారం ఫారం పట్టుకుని ఎదురెళ్ళాను.

"మీ శరీరం ఏమంటోంది మేడం?"

"అబ్బే, ఏమీ వద్దండి. ఇప్పుడేగా బయల్దేరే ముందు తిన్నాం," అన్నారావిడ నవ్వుతూ. అని నా వంక చూశారు. నేను 'ఏమియు లేదు' అని రాసి సంతకానికి పెన్ను అందించాను. ఆవిడ నవ్వు కొంచెం సేపు అలాగే ఉండి, తర్వాత పోయింది.

విచారణ పదకొండున్నరకి మొదలైంది. వేదాద్రి గారే అభియోగం చదివారు. "సదరు వరహాలమ్మ అను వంటమనిషి, యజ్ఞనారాయణ అను ఉద్యోగి యొక్క శరీరము కోరని అన్నమును, పప్పును, పులుసును, పలుమార్లు, ఉద్దేశపూర్వకముగా, సదరు శరీరమునందు ప్రవేశపెట్టించి, సంస్థ ప్రతిష్ఠాత్మకముగా సాధించిన మౌనమునకు తీరని నష్టము కలిగించినది." దీనికి జోడింపుగా ఆయన చిన్న ఉపన్యాసం ఇచ్చారు. చిన్నదంటే గంటన్నర. కిటికీలోంచి వంటింటి తాలింపు వాసన వచ్చింది. హైమవతి గారు రెండుసార్లు మంచినీళ్ళు తాగారు. కూర్చునే తాగారు.

"నువ్వేమైనా చెప్పుకుంటావా అమ్మా?" అని అడిగారు ఆవిడ.

వరహాలమ్మ గోడవార నిలబడి ఉంది. "నానేటి సెప్పుకుంటానమ్మా. ఆయన నోటి మాట ఈ బాబు రాసుకున్నాడు. నాను సెయ్యి సూసినాను. పెట్టీసినాను. తప్పయితే పంపీయండి. నా పిల్ల ఒక్కర్తే ఉంటాది ఇంటికాడ, అది కూడా సూడండి," అంది.

"ఇక ప్రశ్న ఒక్కటే," అన్నారు వేదాద్రి గారు. "ఆ అన్నాన్ని శరీరం కోరిందా లేదా? కోరలేదనడానికి తొమ్మిది లిఖితపూర్వక వాంగ్మూలాలున్నాయి. యజ్ఞనారాయణ గారూ, మీరు ధ్రువీకరిస్తే విచారణ ముగుస్తుంది."

యజ్ఞనారాయణ గారు లేచారు. జేబు మీద బ్యాడ్జీ ఉంది. అవునంటే చాలు, శిక్షణ పాసు, ప్రమోషను, రాష్ట్రస్థాయిలో సన్మానం కూడా అని ఆఫీసులో అనుకుంటున్నారు. ఆయన వేదాద్రి గారిని చూశారు. వరహాలమ్మని చూశారు. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకున్నారు. జీవితంలో ఎవరినీ ఏదీ అడగని మనిషికి ఆ మాట బయటికి రావడం ఎంత కష్టమో నేను కళ్ళారా చూశాను.

"ఆకలేసిందండి," అన్నారు.

"ఆ రోజా?" అన్నారు వేదాద్రి గారు, కొయ్యబారి.

"తొమ్మిది రోజులూనండి. చాలా వేసింది. నేను చెప్పిందంతా అబద్ధం. ఆవిడ తప్పేం లేదు." బ్యాడ్జీ తీసి బల్ల మీద పెట్టబోతే పిన్ను గుచ్చుకుంది. "క్షమించండి," అన్నారు, పిన్నుతోనో, మాతోనో.

"మరి ముందే ఎందుకు చెప్పలేదయ్యా!" వేదాద్రి గారి గొంతు లేచింది. "ప్రతిరోజూ మిమ్మల్ని అడిగాం కదా!"

"అడిగారండి," అన్నారాయన, ఇంకా ఒదిగే నిలబడి. "ఎవరూ రెండోసారి అడగలేదండి."

నా ముందు నా చేతిరాతతో తొమ్మిది కాగితాలున్నాయి. నాకు సిగ్గేసింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆఫీసు టైములో నాకు సిగ్గేయడం అదే మొదలు.

వేదాద్రి గారు ముందుగా తేరుకున్నారు. "మేడం, ఇక్కడొక మౌలికమైన అంశం ఉత్పన్నమవుతోంది. ఈ తాజా ప్రకటన శరీరానిదా, మనసుదా? దీనిపై నేనొక పత్రం సమర్పించడానికి..."

"కూర్మారావు గారూ," అన్నారు హైమవతి గారు, ఆయన వైపు చూడకుండా. "రాసుకోండి. విచారణ వాయిదా వేయడమైనది."

రాశాను. "కారణం ఏమని రాయమంటారు మేడం? గడి ఉంది."

ఆవిడ కిటికీ వైపు చూశారు. అప్పటికి రెండుంపావు. ఈలోగా వరహాలమ్మ గోడవార నుంచి కదిలి, ఎవరూ వెళ్ళమనకుండానే, వంటింటి వైపు నడుస్తోంది.

"ఆకలి అని రాయండి," అన్నారు హైమవతి గారు.

అలాగే రాశాను. ఆ పూట అందరం ఒకే వరసలో కూర్చుని తిన్నాం. యజ్ఞనారాయణ గారు, మేడం గారు, డ్రైవరు, చివరికి వేదాద్రి గారు కూడా. ఆయన కొండ మీద తగ్గిన నాలుగు కిలోల్లో ఒక అరకిలో అక్కడే తిరిగొచ్చి ఉంటుంది.

వాయిదా పడ్డ విచారణ మళ్ళీ మొదలవలేదు. అది తేలేదాకా వరహాలమ్మ 'యథాతథంగా' కొనసాగాలని, యజ్ఞనారాయణ గారి శిక్షణ ఫలితం 'విచారణకు లోబడి' పాసని మేడం గారు వెళ్తూ వెళ్తూ రాసి వెళ్ళారు. మా సంస్థలో తేలని ఫైలు మీదున్న ఉద్యోగమంత గట్టి ఉద్యోగం ఇంకోటి లేదు. ఆ ఫైలు నా దగ్గరే భద్రంగా ఉంది.

డైరెక్టరు గారు మొన్నొకసారి ఆ ఫైలేదీ అని అడిగారు. వెతుకుతున్నానని చెప్పాను. నిబంధనంటే ఆయనకి ప్రాణం. రెండోసారి అడగలేదు.